రిపేరుకెళ్లిన రహస్యం

రైలు వచ్చి ఆగేలోపే అతను చనిపోయాడు.

పరాయి దేశం. రద్దీగా ఉన్న ప్లాట్‌ఫారం. అతని తల మీద బూడిద రంగు టోపీ, చేతిలో మడిచిన పేపరు. పక్కనే మెడలో కెమెరా వేలాడేసుకున్న టూరిస్టు ఒకడు నిలబడి ఉన్నాడు. రైలు కూత వినగానే జనం ముందుకు తోసుకున్నారు. టూరిస్టు మోచెయ్యి చిన్నగా కదిలింది. బూడిద టోపీ పట్టాల మీద పడింది, దాని వెనకే మనిషీ పడ్డాడు. జనం కేకలు పెడుతుంటే టూరిస్టు తాపీగా మెట్లెక్కి వెళ్లిపోయాడు. అంతసేపూ ఆ కెమెరాతో ఒక్క ఫోటో కూడా తీయలేదు.

చనిపోయిన మనిషి మన ఏజెంటు. ఆ రోజు ఆ ప్లాట్‌ఫారం మీద ఉంటానని అతను పంపిన మెసేజ్‌ను మన డిపార్ట్‌మెంట్ తప్ప ప్రపంచంలో ఎవరూ చదవలేరని అందరూ గట్టిగా నమ్మారు. ఎవరో చదివారు.

* * *

“కూర్చో,” అన్నాడు చీఫ్.

కొంగకు అప్పుడే అనుమానం వచ్చింది. చీఫ్ ఎవర్నీ కూర్చోమనడు. ఎంత పెద్ద ఆఫీసరైనా ఆయన టేబుల్ ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. అందుకే చాటుగా అందరూ ఆయన్ని హెడ్మాస్టరు అంటారు.

కొంగ అనేది ఏజెంటు కోడ్ నేమ్. అసలు పేరు ఒక ఫైల్లో ఉంది. ఆ ఫైలు ఎక్కడుందో అతనికే తెలియదు. గంటల తరబడి కదలకుండా నిలబడి, సమయం రాగానే ఒక్క పోటుతో పని ముగించేస్తాడని డిపార్ట్‌మెంట్ ఆ పేరు పెట్టింది. ఒంటికాలి మీద నిలబడాల్సిన అవసరం మాత్రం ఇంతవరకూ రాలేదు.

చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. అందులో పాత ల్యాప్‌టాప్ ఒకటుంది. బరువైన బూడిద రంగు డొక్కు. మూత మీద తెల్ల స్టిక్కరు, దాని మీద గుండ్రటి అక్షరాలతో ‘ముట్టుకోవద్దు’ అని రాసి ఉంది.

కొంగ ఫోటో మీదికి వంగాడు. ఆ అక్షరాలు చూస్తూనే అతను పెరిగాడు. జామెట్రీ బాక్సు మీద, సైకిలు సీటు మీద, బీరువా కింది అర మీద అవే అక్షరాలు, అదే మాట.

“మా అక్కది సార్,” అన్నాడు.

“తెలుసు. సైఫర్ సెక్షన్‌లో రహస్య లిపులు కట్టే గణితం మేడమ్. ఈ కేసు నీకు ఇవ్వకూడదు. రూల్ ఒప్పుకోదు. అందుకే ఇస్తున్నా. ఆవిడ ఇంట్లోకి వెళ్లి, ఆవిడ కళ్లలోకి చూసి, అబద్ధమాడుతోందో లేదో చెప్పగలిగేది నువ్వొక్కడివే.”

“అక్క ఏం చేసింది సార్?”

“అదే నువ్వు చెప్పాలి. విను. మన వాళ్లు పంపే మెసేజ్‌లన్నీ ఒక తాళంతో మూస్తారు. ఇనుప తాళం కాదు, బారెడు అంకెల వరస. అది కట్టేది మీ అక్క. కాగితం మీద పెట్టదు. డిస్క్‌లో దాచదు. బుర్రలో ఉంచుకుని, ఈ ల్యాప్‌టాప్‌లో తన వేళ్లతో టైపు చేస్తుంది. ఏజెంట్లకు వెళ్లే చిప్‌లలోకి అది ఎక్కగానే ల్యాప్‌టాప్ మొత్తం తుడిచేస్తుంది. నెట్ లేదు, వైఫై లేదు. ఆ గదికి కిటికీ కూడా లేదు.”

“మరి ల్యాప్‌టాప్‌కేమైంది?”

“క్రాష్. పని మధ్యలో స్క్రీన్ నల్లబడి చచ్చిపోతుంది. రిపేరుకి పంపితే బాగై వస్తుంది. కొన్నాళ్లు బుద్ధిగా ఉంటుంది. మళ్లీ అదే పాట. ఎన్నిసార్లు పంపామో లెక్క తప్పింది.”

“బయట షాపుకా?”

“ఆ మోడల్ చేయడం ఎప్పుడో మానేశారు. దాన్ని బాగుచేసేవాడు ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. కానీ భయం లేదు.” చీఫ్ గొంతులోకి భక్తి వచ్చింది. “గేటు దాటే ముందు డిస్క్ ఊడదీస్తాం. సీలు వేస్తాం. సేఫ్‌లో పెడతాం. తీసేటప్పుడు గార్డులు, పెట్టేటప్పుడు గార్డులు, రెండుసార్లూ నా సంతకం. ఒట్టి డొక్కే బయటికెళ్తుంది.”

“కొత్తది ఇవ్వచ్చుగా సార్?”

“ఇచ్చాం. వద్దంది. ఇంకోటి ఇచ్చాం. అదీ వద్దంది. ఎందుకమ్మా అంటే నోరు విప్పదు. డిస్క్ గడప దాటలేదు. అయినా తాళం దాటింది. ఇంక మిగిలిన దారి ఏదో నువ్వే చెప్పు.”

కొంగ చెప్పలేదు. చెప్పాలంటే ‘అక్క నోరే’ అనాలి.

చీఫ్ గడియారం చూశాడు. “నిన్న కొత్త తాళం టైపు చేసింది. అది చిప్‌లకి ఎక్కీ ఎక్కగానే ల్యాప్‌టాప్ మళ్లీ పడిపోయింది. రాత్రి ఫ్లైట్‌లో చిప్‌లు వెళ్లి మన వాళ్లకి చేరాయి. ఈ సాయంత్రం నాలుగింటికి వాళ్లంతా ఎవరెక్కడ దాక్కున్నారో దాంతోనే పంపుతారు. ఆపమని చెప్పాలంటే పాత తాళంతో చెప్పాలి. పాతది శత్రువు చేతిలో ఉంది, దాంతో వచ్చే మాట మన వాళ్లు నమ్మరు. కొత్తది నాలుగింటి దాకా పనిచేయదు. నాలుగులోపు కొత్తది కూడా వాళ్ల చేతికందితే మన వాళ్లు ఒక్కరు మిగలరు. లీకు ఎక్కడో నువ్వు తేల్చకపోతే, నాలుగింటికి మీ అక్కని తీసుకెళ్తాం. వారెంటు రెడీగా ఉంది.”

తర్వాత సామాను బయటికి తీశాడు. ఒక జత కళ్లద్దాలు: వాటి ఫ్రేములో కెమెరా, మైకు, చెవి దగ్గర బుల్లి స్పీకరు. కొంగ చూసేదీ వినేదీ అంతా చీఫ్ ముందున్న స్క్రీన్ మీదికి వస్తుంది. చొక్కా గుండీ అంత ట్రాకర్. ఒక స్క్రూడ్రైవర్.

“వెనక బటన్ నొక్కితే మత్తు సూది వస్తుంది. ఒక్కటే ఉంది. ముందువైపుతో స్క్రూలు కూడా తిప్పచ్చు. ఏ వైపు ఏదో మర్చిపోకు.”

“స్క్రూలు నేనెందుకు తిప్పుతాను సార్?”

“షాపులో హెల్పరుగా చేరుతున్నావు కాబట్టి. అక్కడికి పార్టులు అమ్మే ఒకామె వస్తుంది. తుమ్మెద. శత్రువుల ముఠాలో మన మనిషి. షాపు మీద కన్నేసి ఉంచడానికి ఆమెని నేనే పెట్టాను. లీకు సైఫర్ సెక్షన్‌లో ఉందని మొదట చెప్పింది ఆమే. నువ్వు ‘స్పేస్ బార్ గట్టిగా ఉంది’ అను. ‘వాడగా వాడగా మెత్తబడుతుంది’ అంటే ఆమే అన్నమాట. ఆ కోడ్ కూడా ఆమే పెట్టింది, హుషారైన మనిషి.”

కొంగ కళ్లద్దాలు పెట్టుకుని లేచాడు. అతని ఉద్యోగమే అనుమానించడం. ఇన్నేళ్లలో ఆ పని ఇంత చేదుగా ఎప్పుడూ అనిపించలేదు.

* * *

అక్క ఉండే బిల్డింగు ఎదుట ఒక కారు ఆగి ఉంది. అందులో ఇద్దరు ఒకే పేపరు చదువుతున్నారు. మఫ్టీలో ఉన్నవాళ్లని అంత దూరం నుంచే పోల్చుకోవచ్చు.

కొంగ బెల్లు కొట్టాడు. తలుపు వెనక చప్పుడైంది కానీ తెరుచుకోలేదు.

“ఎవరు?”

“నేనే అక్కా.”

“నేనంటే?”

“తమ్ముణ్ని.”

“ఏ తమ్ముడు?”

“నీకున్నది నేనొక్కణ్నేగా!”

“ఉన్నది ఒక్కడే. వచ్చింది వాడో కాదో చూసుకోవద్దూ?” గొలుసు సందులోంచి ఒక కన్ను అతన్ని పై నుంచి కింది దాకా తనిఖీ చేసింది. గొలుసు ఊడింది.

అక్క జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని ఉంది. కళ్ల కింద నిద్రలేని చారలు. హాల్లో ఎప్పట్లా పుస్తకాల గుట్టలు, సగం ఆడి వదిలేసిన చదరంగం. ఎప్పుడూ ఉండనిది ఒక్కటే కనిపించింది: తలుపు పక్కనే నిలబెట్టిన సూట్‌కేసు. సర్ది, జిప్పు కూడా వేసి ఉంది.

కొంగ దాన్ని చూశాడు. అతను చూడటం అక్క చూసింది.

“కళ్లద్దాలెప్పట్నుంచి?” అంది.

“ఈమధ్యే. చూపు కాస్త...”

“వీధి చివర బస్సు నంబరు చదివి నాకు చెప్పేవాడివి.”

“వయసొస్తోంది కదక్కా.”

“నీ వయసు నాకు చెప్తావేంట్రా? చంకనెత్తుకుని తిప్పినదాన్ని.” దగ్గరికొచ్చి, వంగి, సరిగ్గా ఫ్రేము మధ్యలోకి చూసింది. “బాగున్నారా సార్? రాత్రి నిద్ర పట్టిందా? నాకు పట్టలేదు.”

చెవి దగ్గరి బుల్లి స్పీకర్లో చీఫ్ ఇబ్బందిగా దగ్గడం కొంగకు వినిపించింది.

“అక్కా, ఒక్కటే అడుగుతా. కొత్త ల్యాప్‌టాప్ ఎందుకు వద్దన్నావు? అది చెప్పేస్తే చాలు.”

“ముందు అవి తియ్యి.”

“తీయలేనక్కా.”

“తమ్ముడివై అడిగితే చెప్తాను. కాస్త సిగ్గుపడే విషయమే, అయినా చెప్తాను. ఆఫీసరువై అడిగితే నాకు తెలిసిన మంచి లాయరున్నాడు, ఆయన చెప్తాడు.” ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. “నువ్వు కూడానా తమ్ముడూ?”

కొంగ చెయ్యి కళ్లద్దాల దాకా వెళ్లింది. చెవిలో చీఫ్ “వద్దు” అన్నాడు. చెయ్యి కిందికి వచ్చింది. ఆ క్షణాన తన మీద తనకే అసహ్యం వేసింది. అమ్మ షిఫ్టుకి వెళ్లినప్పుడల్లా అతనికి అన్నం పెట్టి, లెక్కలు నేర్పి, జ్వరమొస్తే పక్కన కూర్చున్నది ఈమె. ఆమె ముందు దొంగచూపులు చూస్తూ నిలబడ్డాడు.

“వెళ్లిరా,” అంది అక్క. తలుపు గట్టిగా వేసుకోలేదు. మెల్లిగా వేసుకుంది. అది ఇంకా బాధనిపించింది.

* * *

టైలరు కొట్టుకీ జిరాక్స్ కొట్టుకీ మధ్య ఇరుక్కున్న షాపు అది. లోపలంతా టంకం వాసన. గోడ నిండా చార్జర్లు వేలాడుతున్నాయి. ఒక మూల చచ్చిన స్క్రీన్లు, విరిగిన మూతలు, ఉబ్బిన బ్యాటరీలు గుట్టగా పడి ఉన్నాయి. మెకానిక్ నుదుటి మీదికి భూతద్దం తోసుకుని, కొత్త హెల్పర్ని ఎగాదిగా చూశాడు. కొంగకు ఇప్పుడు దట్టమైన మీసం, మాసిన చొక్కా వచ్చాయి.

“పనొచ్చా?”

“వచ్చు గురువుగారూ.”

మెకానిక్ ఒక ఇనుప ముక్క పైకెత్తాడు. “ఇదేంటి?”

కొంగ దాన్ని గంభీరంగా చూశాడు. “లోపలి పార్టు.”

“అబ్బో! పైదనుకున్నా ఇన్నాళ్లూ. సరే, ఇలా వచ్చి టార్చి పట్టుకో. దేన్నీ ముట్టుకోకు.”

టేబుల్ మీద అక్క ల్యాప్‌టాప్ బోర్లా పడి ఉంది. మెకానిక్ దానికేసి చూసిన చూపులో పాత పగ ఉంది.

“నా చేతి మీదుగా వెళ్లిన మిషన్ మళ్లీ ఈ గడప తొక్కలేదయ్యా. ఇదొక్కటే నా పరువు తీయడానికి పుట్టింది. మొదటిసారి మదర్‌బోర్డంతా జల్లెడ పట్టా. ర్యామ్ మార్చా. అంతా బాగానే ఉంటుంది. టెస్టు పెడితే కీబోర్డ్ ఎర్రర్ అని చూపిస్తుంది. కీబోర్డ్ మారుస్తా. కొత్తదానిలా పరిగెడుతుంది. కొన్నాళ్లకి మళ్లీ వస్తుంది. మళ్లీ కీబోర్డే. ఆ మేడమ్‌వి వేళ్లా, సుత్తులా?”

“ఆవిడ వేళ్లకేం కాదులెండి,” అనేశాడు కొంగ, కొంచెం ఘాటుగా.

“నీకెలా తెలుసు?”

“ఊరికే అన్నా గురువుగారూ.”

అప్పుడే గుమ్మం ముందు ఒక స్కూటరు ఆగింది. ఎర్ర హెల్మెట్ తీసి జుట్టు విదిలించుకుంటూ ఒకామె లోపలికొచ్చింది. నల్ల జాకెట్, చెవులకి పొడవాటి వెండి లోలాకులు, ఖరీదైన సెంటు వాసన. టంకం వాసన ఒక్కసారిగా తోక ముడిచింది. జిరాక్స్ కొట్టువాడు ఏ పనీ లేకుండానే వచ్చి తొంగిచూసి పోయాడు.

“కీబోర్డ్ తెచ్చారా మేడమ్?” అన్నాడు మెకానిక్.

“తేకుండా వస్తానా?” ఆమె కొత్త కీబోర్డ్ టేబుల్ మీద పెట్టింది. కొంగ దాని మీద వేలు పెట్టి నొక్కాడు.

“స్పేస్ బార్ గట్టిగా ఉంది,” అన్నాడు.

ఆమె కనురెప్ప కూడా కదలలేదు. “వాడగా వాడగా మెత్తబడుతుంది,” అని నవ్వింది.

మెకానిక్ చకచకా పాత కీబోర్డ్ ఊడదీసి, కొత్తది బిగించాడు. “ఏవయ్యా, ఆ పాతది మేడమ్ బ్యాగులో పెట్టు.” కొంగ దాన్ని బబుల్ కవర్లో చుట్టి, భద్రంగా ఆమె బ్యాగులో పెట్టాడు. పనిలో పనిగా బ్యాగంతా చూపుతో తడిమాడు. అనుమానించదగ్గది ఏదీ కనిపించలేదు.

మెకానిక్ వెనక గదిలోకి వెళ్లగానే తుమ్మెద దగ్గరికి జరిగింది.

“గణితం మేడమే,” అంది పెదవులు కదపకుండా. “సందేహం అక్కర్లేదు. నాలుగులోపు ఊరు దాటిపోతోంది. సూట్‌కేసు కూడా సర్దేసుకుంది. ముఠాలో చెప్పుకుంటుంటే విన్నాను. మీ బాస్‌కి చెప్పు, ఆలస్యం చేయొద్దని.”

సూట్‌కేసు నిజమే. కొంగ కళ్లారా చూశాడు. చెవిలో చీఫ్ నిట్టూర్చడం కూడా వినిపించింది.

కౌంటరు మీద ఆమె తన ల్యాప్‌టాప్ తెరిచి స్టాకు చూసుకోసాగింది. దాని ఫ్యాను పాత లారీలా రొద పెడుతోంది. వెనక గదిలోంచి మెకానిక్ అరిచాడు. “మేడమ్, ఆ రొద వినలేకపోతున్నా! మావాడికివ్వండి, దుమ్ము దులుపుతాడు. వీడికి పనొచ్చో రాదో నేనూ చూడాలి.”

తుమ్మెద ఒక్క క్షణం తటపటాయించింది. వద్దంటే బాగుండదనుకుందో ఏమో, షట్‌డౌన్ చేసి ఇచ్చింది. అంతలో ఆమె ఫోను మోగింది. గుమ్మం దాకా వెళ్లి మాట్లాడసాగింది.

కొంగకు ఆమె మీద ప్రత్యేకంగా అనుమానమేమీ లేదు. అందరి మీదా ఉన్నంతే ఉంది. ట్రాకర్ జేబులో ఉంది, ల్యాప్‌టాప్ చేతిలో ఉంది. అవకాశం వదులుకోవడం అతని వంటికి పడదు. స్క్రూడ్రైవర్‌ను సరైన వైపే పట్టుకుని కింది మూత విప్పాడు. ఫ్యాను పక్కన ట్రాకర్ పట్టేంత చోటుంది కానీ ఒక సన్నటి వైరు అడ్డంగా ఉంది. దాన్ని పక్కకి లాగాడు. ట్రాకర్ అంటించాడు. ఉఫ్‌మని దుమ్ము ఊది మూత బిగించేశాడు. చివరికి చేతిలో ఒక స్క్రూ మిగిలింది. దానికి చోటెక్కడో ఎంత వెతికినా దొరకలేదు. జేబులో వేసుకున్నాడు.

ఆమె తిరిగొచ్చి ల్యాప్‌టాప్ ఆన్ చేసింది. చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా లేదు.

“అరె, శబ్దం పూర్తిగా పోయిందే! మీవాడి చేతిలో మంత్రముంది గురువుగారూ,” అంటూ బ్యాగు భుజానికి తగిలించుకుంది. స్కూటరు వీధి మలుపు తిరిగింది.

మెకానిక్ గడ్డం గోక్కుంటూ బయటికొచ్చాడు. “మంచి మనిషే. కానీ ఒక పట్టుదల. పాత కీబోర్డ్ చేతికిస్తే కానీ కొత్తది ఇవ్వదు.”

“అన్ని పార్టులకీ అంతేనా?”

“ఎక్కడ! మూలన ఆ గుట్ట చూడు. తీసుకెళ్లండి మేడమ్ అంటే ముక్కు మూసుకుంటుంది. ఈ ఒక్క ల్యాప్‌టాప్ కీబోర్డ్ మాత్రం అడిగి మరీ పట్టుకెళ్తుంది. చెత్త మీద ఎవరి మోజు వాళ్లది.”

కొంగ ఆ గుట్టకేసి తిరిగి చూశాడు.

టేబుల్ మీది అక్క ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లి, కొత్త కీబోర్డ్ స్పేస్ బార్ ఊడపీకాడు. మెకానిక్ లబోదిబోమన్నాడు. స్పేస్ బార్ కింద, స్ప్రింగు పక్కన, గోరంత నల్ల చిప్ మెరుస్తోంది. అందుకే అది గట్టిగా ఉంది. తమ కోడ్ మాటతోనే ఆమె తమని వెక్కిరించింది.

“సార్,” అన్నాడు కొంగ, కళ్లద్దాల మైకులోకి. “డిస్క్ ఎక్కడుంది?”

“సేఫ్‌లో. రాయిలా ఉంది.”

“కీబోర్డ్?”

“కీబోర్డ్‌కి సేఫెందుకయ్యా?”

“అక్క తాళం టైపు చేసేది దేని మీద సార్?”

అవతల ఏదో కుర్చీ కిందపడిన చప్పుడు మాత్రం వినిపించింది.

“కొట్టిన ప్రతి అక్షరం ఈ చిప్‌లోకి పోతోంది,” అన్నాడు కొంగ. “మొదటిసారి నిజంగానే పాడై ఉంటుంది, ఆ రిపేరులోనే చిప్ దూరింది. అప్పట్నుంచి చిప్ నిండగానే అదే ల్యాప్‌టాప్‌ని పడగొడుతుంది. పడితే మనమే రిపేరుకి పంపుతాం. రిపేరంటే కీబోర్డ్ మార్చడం. నిండింది ఆమె పట్టుకెళ్తుంది, ఖాళీది మనకి బిగిస్తుంది. డిస్క్‌కి గార్డుల్ని పెట్టుకుని, కీబోర్డ్‌ని మనమే ఇంటి దాకా దిగబెట్టాం సార్. ఇవాళ్టిది నేనే కవర్లో చుట్టి మరీ ఇచ్చాను.”

“మరి మీ అక్క మీద నేరం ఎందుకు...”

“అక్కని మీరు లోపలేస్తే లీకు దొరికిందనుకుని ఊపిరి పీల్చుకుంటారు. ఆ కుర్చీలోకి ఇంకొకరొస్తారు. ఇదే ల్యాప్‌టాప్, ఇదే షాపు. ఫోర్స్‌ని పంపండి సార్. ట్రాకర్ ఆమె ల్యాప్‌టాప్‌లోనే ఉంది.”

గోడ గడియారంలో మూడు దాటి చాలాసేపైంది. “గురువుగారూ, మీ బండి తాళాలు!” అంటూ అడగకుండానే లాక్కుని పరిగెత్తాడు.

* * *

ఫర్నిచర్ షోరూము పైన అద్దెకిచ్చే గదులున్నాయి. ట్రాకర్ చుక్క రెండో అంతస్తు చివరి గదిలో వెలుగుతోంది. ఫోర్స్ ఇంకా ట్రాఫిక్‌లోనే ఉంది. కొంగ మీసం సర్దుకుని తలుపు తట్టాడు.

“ఎవరు?”

“షాపు నుంచి మేడమ్. మీ ల్యాప్‌టాప్‌ది ఒక స్క్రూ మిగిలిపోయింది.”

ఉద్యోగంలో చేరాక పరాయివాళ్ల తలుపు దగ్గర అతను చెప్పిన మొదటి నిజం అదే.

తలుపు తెరుచుకుంది. తుమ్మెద నవ్వుతూ పక్కకి తప్పుకుంది. వెనక సోఫాలో మెడలో కెమెరాతో టూరిస్టు కూర్చుని ఉన్నాడు. వాడి చేతిలో పిస్తోలు సరిగ్గా కొంగ గుండెకేసి చూస్తోంది.

“రండి కొంగగారూ,” అంది. “స్క్రూ అక్కడ పెట్టండి. చేతులు కనపడేలా ఉంచండి.”

టేబుల్ మీద కీబోర్డ్ చీల్చి ఉంది. గోరంత చిప్ ఒక వైరు చివర గుచ్చి ఉంది. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత కుడివైపుకి జరుగుతోంది. చిప్‌లోని గజిబిజిని విడదీసి, వాళ్ల దేశానికి పంపుతోంది. గీత దాదాపు చివరికొచ్చింది. గోడ గడియారంలో పెద్ద ముల్లు పన్నెండు పక్కనే ఉంది.

“ఎందుకిలా చేశారు?” అన్నాడు కొంగ, కాలం గడపడానికి. నిజానికి ఫోర్స్ వచ్చేలోపు తను చేయగలిగింది ఏమీ లేదని అతనికి తెలుసు. రిపోర్టులో చదివిన, పట్టాల మీద పడ్డ బూడిద టోపీ గుర్తొచ్చింది. ఇంకాసేపట్లో అలాంటివి ఎన్ని పడతాయో!

“మీ వాళ్ల పద్ధతి చూసి ముచ్చటేసింది,” అంది తుమ్మెద. “తలుపులన్నీ బార్లా తీసి బీరువాకి కాపలా కాస్తారు. అలాంటివాళ్లని దోచుకోకపోతే పాపం కదూ? మీ అక్క గురించి మాత్రం సారీ. ఎవరో ఒకరిని చూపించాలి కదా.”

టూరిస్టు ముక్కు ఎగబీల్చాడు. “ఏదో కాలుతోంది.”

తుమ్మెద ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసుకుంది. అది పెనంలా కాగుతోంది. ఆకుపచ్చ గీత ఇంక వెంట్రుకవాసి దూరంలో ఉండగా స్క్రీన్ ఒక్కసారి రెపరెపలాడి, నల్లబడిపోయింది.

“ఏమైంది?” అరిచాడు టూరిస్టు.

ఆమె బటన్ నొక్కింది. వెలిగింది, ఆరిపోయింది. మళ్లీ నొక్కింది. మళ్లీ ఆరిపోయింది. ఆమె ముఖంలో రంగులు మారాయి. అక్క ల్యాప్‌టాప్ ముందు అక్క ఇన్నాళ్లుగా ఎలా కూర్చుందో ఇప్పుడామె సరిగ్గా అలాగే కూర్చుంది.

టూరిస్టు చూపు ఒక్క క్షణం స్క్రీన్ మీదికి మళ్లింది. కొంగకు ఆ క్షణం చాలు. జేబులోంచి స్క్రూడ్రైవర్ లాగాడు. ఏ వైపు ఏదో గుర్తు రాలేదు. దేవుడి మీద భారం వేసి నొక్కాడు. సూది టూరిస్టు మెడలో దిగింది. పిస్తోలు పేలి గోడ గడియారం పగిలింది, టూరిస్టు సోఫాలోకి జారిపోయాడు. తుమ్మెద చిప్ లాక్కుని కిటికీ వైపు దూకింది. కొంగ ఆమె బ్యాగు పట్టీని ఆమె కాళ్లకి అడ్డంగా విసరడంతో కిందపడింది. మెట్ల మీద బూట్ల చప్పుడు, ఆ వెంటనే తలుపు విరిగిన చప్పుడు వినిపించాయి.

నాలుగైంది. దూరదేశాల్లో మన వాళ్లు తమ మెసేజ్‌లు పంపారు. వాటిని మన డిపార్ట్‌మెంట్ తప్ప ఎవరూ చదవలేదు.

బేడీలు పడుతుంటే తుమ్మెద అతనికేసి పళ్లు కొరుకుతూ చూసింది. “ఏం చేశావు దానికి?”

“దుమ్ము దులిపాను,” అన్నాడు కొంగ. అతనికి తెలిసింది నిజంగా అంతే.

అప్పుడే ఫోను మోగింది. మెకానిక్.

“ఏవయ్యా, నా బండి సంగతి తర్వాత. అంత రొద పెట్టే ఫ్యాను ఒక్కసారి నోరు మూసుకుందేంటా అని ఇందాకటి నుంచీ ఆలోచిస్తున్నా. వైరు తిరిగి గుచ్చావా?”

“ఏ వైరు గురువుగారూ?”

అవతల భూతద్దం టేబుల్ మీద పడిన చప్పుడైంది. “రేపట్నుంచి పనికి రాకు,” అని మెకానిక్ ఫోను పెట్టేశాడు.

* * *

అక్క ఇంటి ఎదుట కారు లేదు. కొంగ బెల్లు కొట్టకముందే, తలుపు వెనక నుంచి “ఎవరు?” అని వినిపించింది.

అతను కళ్లద్దాలు తీసి, మడిచి, ఫ్రేము కటుక్కుమనేదాకా చేతిలో నొక్కాడు. చీఫ్ గొంతు సగం మాటలో తెగిపోయింది. గొలుసు ఊడిన చప్పుడైంది.

“నిన్ను అనుమానించానక్కా,” అన్నాడు గుమ్మంలోనే. “ఊరికే కాదు, నిజంగానే అనుమానించాను. సూట్‌కేసు చూసి...”

“జైలుకి సర్దుకున్నాన్రా. వాళ్లిచ్చే దుప్పట్లు గుచ్చుకుంటాయట.” కళ్లు తుడుచుకుంది. “నేనూ నిన్ను అనుమానించాను. ఆ లీకు నువ్వేనేమో, నన్ను ఇరికించడానికి వచ్చావేమో అని. నువ్వు వెళ్లినప్పట్నుంచీ అదే లెక్క చేశాను, తేలలేదు.”

అక్క ముందు నవ్వింది, అతను తర్వాత నవ్వాడు.

“ఇప్పుడు చెప్పు. కొత్త ల్యాప్‌టాప్ ఎందుకు వద్దన్నావు?”

అక్క తల దించుకుంది. “కొత్తదాంట్లో ఎవరేం పెట్టి పంపుతారో ఎవరికి తెలుసు? పాతదైతే... నమ్మకమైనది కదా అని.”

మర్నాడు డిపార్ట్‌మెంట్ ఆమెకి కొత్త ల్యాప్‌టాప్ పంపింది. రూల్సు మార్చారు. ఈసారి ఏది గేటు దాటాలన్నా డిస్క్, కీబోర్డ్, బ్యాటరీ, ఫ్యాను, ఆఖరికి స్టిక్కరు కూడా ఊడదీసి సేఫ్‌లో పెట్టాలట. చీఫ్ సంతకానికి చోటు చాలక కాగితం పెద్దది చేశారు. అక్క ఆ పెట్టెని చుట్టూ తిరిగి చూసింది, వాసన చూసింది, చెవి ఆనించి విన్నది.

“కావాలంటే విప్పి చూపిస్తానక్కా,” అన్నాడు కొంగ, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీస్తూ.

అక్క తెల్ల స్టిక్కరు తీసి మూత మీద అతికించి, గుండ్రటి అక్షరాలతో ‘ముట్టుకోవద్దు’ అని రాసింది. ఇంకెవరూ తమనే అన్నదనుకుని నొచ్చుకోకుండా, దాని కింద డిపార్ట్‌మెంట్ ఇన్నేళ్లూ ఎవరి కంటా పడకుండా దాచిపెట్టిన తమ్ముడి అసలు పేరు స్పష్టంగా, ఇంటిపేరుతో సహా రాసింది.